పాత పడవకు పూర్వరూపం
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



మా చదువు మెట్రిక్యులేషనుతో సరి. ఉద్యోగం రైల్వేలో గుమాస్తాగిరి. ఇటువంటి సభల్లో కుర్చీలు సర్దడం, ఉగాది పచ్చడి పంచడం మాకు అలవాటే గాని, మైకు ముందు నిలబడడం అలవాటు లేదు. కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "మీకు తెలిసిన సంగతి ఏదైనా అరగంట చెప్పండి" అని పట్టుబట్టారు. రైళ్ళ సంగతి చెబుతామని అనుకొని ఉంటారు. పడవ సంగతి చెబుతామనగానే వారు కాస్త తెల్లబోయి, "బెంగుళూరులో సముద్రమెక్కడుందండీ?" అన్నారు.

నిజమే. సముద్రమట్టానికి మూడువేల అడుగుల ఎత్తున కూర్చున్న ఊరు ఇది. ఇక్కడ నీళ్ళంటే చెరువులే. హలసూరు చెరువు గట్టున నిలబడితే పక్కనే మద్రాసు శాపర్ల దళం వారి స్థలం కనిపిస్తుంది. అక్కడ తప్ప ఈ ఊళ్ళో పడవ మాట ఎత్తేవారు తక్కువ. అయినా ఈ ఊళ్ళోనే, మా ఇంటి అటకమీదనే, ఒక తెరచాప పడవ ఇరవై యేళ్ళు దుమ్ములో పడి ఉన్నది. దానికి పూర్వరూపం తెద్దామని బయలుదేరి మేము చేసిన తప్పు, ఆ తప్పు తరువాత నేర్చుకున్న నాలుగు ముక్కలు, ఇవే ఈవేళ మీ ముందు పెట్టదలచుకున్నాము.

మా తాతగారు తాళ్ళరేవులో ఓడల వడ్రంగి. కాకినాడకు దక్షిణాన, కోరంగి పక్కనే ఉన్నది తాళ్ళరేవు. కోరంగి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఒకప్పుడు తూర్పుతీరంలో ఓడలు కట్టడానికీ, మరమ్మతు చేయడానికీ పేరుపడ్డ రేవు అది. 1839 నవంబరులో వచ్చిన తుపాను, ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టాయి. రేవు పోయినా చేతిపని పోలేదు. ఆ చుట్టుపక్కల వడ్రంగులు తరతరాలుగా కొయ్యపడవలు కడుతూనే వచ్చారు. మన తెలుగువారికి ఓడ కొత్త కాదు. రెండవ శతాబ్దంలో శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన నాణెం మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉన్నది. రాజు తన నాణెం మీద ఓడను వేయించాడంటే ఆ రోజుల్లో దానికున్న విలువ ఎంతో ఊహించుకోవచ్చు.

మా తాతగారు పెద్ద ఓడల పనిలో మిగిలిన టేకు ముక్కలతో, ఇంటి పిల్లలకోసం మూడడుగుల పొడవు పడవ ఒకటి చేశారట. అది అలమారలో పెట్టుకునే బొమ్మ కాదు. అడుగున వెన్నుదూలం, దానికి రెండు పక్కలా వంకచెక్కలు, వాటిమీద సన్నని పలకలు, ఇట్లా పెద్ద ఓడను కట్టినట్టే కట్టినది. పండుగ రోజుల్లో వీధి పిల్లలంతా ఇటువంటి పడవలు తెచ్చి కాలువలో పందెం వేసేవారనీ, మా తాతగారి పడవ గాలి ఏ మాత్రం ఉన్నా ముందుకు దూసుకుపోయేదనీ మా మేనత్త ఇప్పటికీ చెబుతుంది. మా నాన్నగారు ఉద్యోగరీత్యా బెంగుళూరు వచ్చినప్పుడు ఒక ట్రంకుపెట్టె, ఒక బిందె, ఈ పడవ వెంట తెచ్చుకున్నారు. బిందె ఎప్పుడో చిల్లుపడి పోయింది. పడవ అటకెక్కింది.

నాన్నగారు పోయిన తరువాత ఇల్లు సర్దుతూ దానిని కిందికి దింపాము. ఒక పక్క రెండు పలకలు ఊడి ఉన్నాయి. కొయ్య విరిగింది. తెరచాప లేదు. పైన నీలిరంగు పెచ్చులు లేచి ఉన్నది. మా అబ్బాయి దానిని చూసి, "కొత్తదానిలా చేద్దాం నాన్నా" అన్నాడు. మాకూ ఉత్సాహం వచ్చింది. ఆదివారం పొద్దున్నే గరుకుకాగితం తెచ్చి కూర్చున్నాము. మధ్యాహ్నానికి నీలిరంగు మొత్తం పోయింది. దాని కింద ఎర్రని సిందూరపు రంగు వచ్చింది. అదీ గీకాము. చక్కని టేకు మెరుస్తూ బయటపడింది. మా చేతిపనికి మేమే మురిసిపోయాము.

సాయంత్రం దీపం వెలుగులో ఏటవాలుగా పట్టుకొని చూస్తే, పడవ ముందుభాగాన ఏవో గీతలు ఉన్నట్టు తోచింది. దగ్గరగా చూస్తే అవి తెలుగు అక్షరాలు. చివర ఒక సున్న. దాని ముందు ఒక కొమ్ము. అంతకు ముందు ఏమున్నదో మేము పొద్దున్న గీకిన పొడిలో కలిసిపోయింది. ఆ పొడిని మా ఇంటావిడ అప్పటికే ఊడ్చి పారబోసింది.

మరునాడు తాళ్ళరేవుకు ఫోను చేసి మేనత్తను అడిగాము. ఆమెకు ఎనభై దాటాయి. "అవున్రా అబ్బాయ్, నాన్న దానిమీద పేరు రాశాడు. నల్లరంగుతో రాశాడు. నాకు బాగా గుర్తు" అన్నది. "ఏం పేరు అత్తా?" అంటే ఒక క్షణం ఊరుకొని, "నన్ను బడికి పంపలేదు కదరా. అక్షరాలు ఉండేవని తెలుసు. ఏం రాశాడో నాకెట్లా తెలుస్తుంది?" అన్నది.

అయ్యా, అరవై యేళ్ళకు పైగా నిలిచిన ఒక మాటను, దానిని ప్రేమించేవాళ్ళమే, ఒక్క పూటలో చెరిపేశాము. చెదలు చేయని పని, వాన చేయని పని మేము చేశాము. అదీ శుభ్రం చేస్తున్నామనుకుంటూ.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇటువంటి పనిని తెలిసినవాళ్ళు ఎట్లా చేస్తారో తెలుసుకోవాలన్న బుద్ధి అప్పుడు పుట్టింది. ఆఫీసు నుంచి వచ్చిన తరువాత దొరికినదల్లా చదివాము. అట్లా చదువుతూ ఉండగా డోరేడ్ అనే పడవ కథ కనబడింది. పందెపు పడవల్లో దాని పేరు తెలియనివాళ్ళు ఉండరట.

న్యూయార్కులో ఓలిన్ స్టీఫెన్స్ అనే కుర్రవాడు ఉండేవాడు. 1908లో పుట్టాడు. ఎం.ఐ.టి. అనే గొప్ప విద్యాలయంలో చేరి, జబ్బు చేసి, మొదటి సంవత్సరంలోనే చదువు మానేశాడు. మా వంటి మెట్రిక్యులేషను వాళ్ళకు ఈ సంగతి కొంత ధైర్యం ఇస్తుంది. అతడు గీసిన నమూనా ప్రకారం 1930లో డోరేడ్ తయారైంది. అప్పటికి అతనికి 22 యేళ్ళు. పడవ పొడవు 52 అడుగులు, వెడల్పు సుమారు 10 అడుగులు. అంటే పొడవుకు తగిన వెడల్పు లేని సన్నని పడవ. రెండు కొయ్యలు. ఇంత సన్నని పడవ మహాసముద్రంలో నిలుస్తుందా అని చాలామంది సందేహించారు.

1931లో అమెరికాలోని న్యూపోర్టు నుంచి ఇంగ్లండులోని ప్లిమత్ వరకు అట్లాంటిక్ దాటే పందెం జరిగింది. ఓలిన్, అతని తమ్ముడు రాడ్, వారి తండ్రి, మరి కొందరు మిత్రులు డోరేడ్ మీద బయలుదేరారు. 17 రోజుల్లో చేరారు. తమకంటే పెద్ద పడవలు కూడా ఇంకా వెనుకనే ఉన్నాయి. తరువాతి పడవ చేరడానికి మరి రెండు రోజులు పట్టింది. తిరిగి వచ్చినప్పుడు న్యూయార్కు వీధుల్లో వారికి ఊరేగింపు చేశారు. అదే సంవత్సరం, మళ్ళీ 1933లో, ఇంగ్లండులో ఫాస్ట్‌నెట్ పందెం గెలిచింది. 1936లో కాలిఫోర్నియా నుంచి హొనలూలుకు జరిగే ట్రాన్స్‌పాక్ పందెం గెలిచింది.

ఈ పడవ పేరు మరొక విధంగా కూడా నిలిచింది. పడవ లోపలికి గాలి రావాలి, అలల నీళ్ళు రాకూడదు. దీనికి రాడ్ స్టీఫెన్స్ ఒక ఉపాయం చేశాడు. పైన గొట్టం, కింద చిన్న చెక్కపెట్టె. గొట్టంలోంచి గాలి, నీరు రెండూ పెట్టెలో పడతాయి. లోపలికి పోయే రెండో గొట్టాన్ని పెట్టె అడుగుకంటే ఎత్తులో, కాస్త పక్కగా పెట్టాడు. నీరు అడుగున చేరి చిన్న రంధ్రంగుండా బయటికి పోతుంది, గాలి మాత్రం రెండో గొట్టంలోకి ఎక్కుతుంది. ఈనాటికీ ప్రపంచమంతటా నావికులు ఆ పెట్టెను డోరేడ్ పెట్టె అనే అంటారు.

తరువాత ఆ పడవ చాలా చేతులు మారింది. చేతులు మారిన వస్తువు గతి మీకు తెలుసు. ప్రతి యజమాని తన సౌకర్యం కోసం కొంత తీస్తాడు, కొంత పెడతాడు. ఎవరిదీ తప్పు కాదు, కాని యాభై అరవై యేళ్ళకు అసలు రూపు మసకబారుతుంది. 1997లో ఇటలీలోని ఆర్జెంటారియో నౌకానిర్మాణశాలలో దానికి పెద్ద ఎత్తున పునరుద్ధరణ జరిగింది. 2010లో దానిని కొన్న దంపతులు మరొక అడుగు వేసి, ఇది ఒకప్పుడు గెలిచిన పందాలలోనే మళ్ళీ దింపుతామన్నారు. ముసలి పడవను సముద్రంలో చంపుతారా అన్నవాళ్ళు ఉన్నారు. వారు బలపరచవలసిన చోట బలపరచి, 2013లో ట్రాన్స్‌పాక్ పందెంలో దింపారు. 2,225 సముద్రపు మైళ్ళ దూరం. పడవల శక్తిని బట్టి కాలంలో సవరణ ఇచ్చి లెక్కకట్టే ఆ పందెంలో డోరేడ్ మొత్తం మీద ప్రథమంగా వచ్చింది. 1936లో గెలిచిన పడవ 77 యేళ్ళకు అదే పందెం మళ్ళీ గెలిచింది.

ఇది చదివి మేము చాలాసేపు ఆ పుస్తకం మూయలేకపోయాము. మా పడవ కూడా పందెపు పడవే కదా అనిపించింది.

అయితే పూర్వరూపం తేవడం అంటే ఏమిటి? మేము అర్థం చేసుకున్నంతవరకు చెబుతాము. పెద్దలు తప్పులుంటే దిద్దాలి.

మొదటి పని రంగు గీకడం కాదు. పనిముట్టు పట్టకముందు కాగితం, పెన్సిలు పట్టాలి. పాత ఫోటోలు, పాత నమూనా చిత్రాలు, పాత బిల్లులు, ఎక్కినవాళ్ళ జ్ఞాపకాలు, ఇవన్నీ పోగుచెయ్యాలి. రంగు సంగతి తెలుసుకోవాలంటే ఎక్కడో ఒక మూల, రూపాయి బిళ్ళంత మేర, పొర పొరా మెట్లు మెట్లుగా తేల్చి చూస్తారు. పైపొర, దాని కింది పొర, దాని కింది పొర, ఇట్లా చెట్టు మొదలులో వలయాల మాదిరి వరుసగా కనబడతాయి. ఆ మూలను అట్లాగే వదిలేస్తారు, రేపు మరొకడు వచ్చి మన మాట నిజమో కాదో చూసుకోవడానికి. మేము చేయవలసినది ఆ రూపాయి బిళ్ళంత పని. మేము చేసినది మొత్తం పడవంత పని.

రెండవ పని ఆకారం నిలపడం. నీళ్ళలో ఉన్న పడవను నీరు అన్ని వైపులా సమంగా మోస్తుంది. గట్టున పెడితే బరువంతా ఆధారాల మీదికి దిగుతుంది. ఆధారం సరిగా లేకపోతే పడవ నెమ్మదిగా తన వంపు కోల్పోతుంది. వంకచెక్కలన్నీ ఒకేసారి తీసేస్తే ఇక తిరిగి పెట్టడానికి ఆకారమే ఉండదు. అందుకని ఒకటి తీసి, దాని స్థానంలో కొత్తది పెట్టి, తరువాతగాని రెండోదాని జోలికి పోరు. రైలు నడుస్తూండగా వంతెన దూలాలు ఒక్కొక్కటిగా మార్చడం చూసినవారికి ఇది తెలుస్తుంది.

మూడవది కొయ్య, ఇనుము వీటి స్వభావం. టేకులో సహజంగా నూనె ఉంటుంది గనుక ఇనుపమేకులను అది అంతగా తినదు. ఓక్ అనే కొయ్యలో పులుపు ఎక్కువ, ఇనుమును తొందరగా తుప్పుపట్టిస్తుంది. ఉప్పునీటిలో ఇనుము, కంచు పక్కపక్కన ఉంటే ఇనుము కరిగిపోతుంది. పైకి నిగనిగలాడే పడవ లోపల మేకులు సగం కరిగి ఉండవచ్చు.

నాలుగవది ఓర్పు. పలకల సందుల్లో నారపీచు దట్టించి, గుగ్గిలం వంటిది పూసి నీరు రాకుండా చేస్తారు. చాలాకాలం గట్టున ఉన్న పడవలో పలకలు ఎండి సందులు విచ్చుకుంటాయి. అవి చూసి కంగారుపడి గట్టి పదార్థంతో నింపేస్తే, నీళ్ళలో దింపగానే పలకలు ఉబ్బి, చోటు లేక, లోపలి వంకచెక్కలనే విరగదోస్తాయి. తెలిసినవాళ్ళు మెత్తని సరుకు పెట్టి, నీటిలో దింపి, కొన్నాళ్ళు నీరు తోడుకుంటూ కూర్చుంటారు. పలకలు తమంతట తాము ఉబ్బి సందులు మూసుకుంటాయి. కారడం చూసి భయపడకపోవడమే అక్కడ విద్య.

ఐదవది ముఖ్యమైనది. తీసినదానిని పారెయ్యకూడదు. లండనులో కటీ సార్క్ అనే ఓడ ఉన్నది. 1869లో కట్టినది. చీనా నుంచి తేయాకు తెచ్చే ఓడల పందాలలో పరుగెత్తినది. ఇనుప చట్రం మీద కొయ్యపలకలు, అందులో పైభాగం మన తూర్పుదేశాల టేకు. 1872లో థర్మోపిలీ అనే ఓడతో పోటీపడి, దారిలో చుక్కాని పోగొట్టుకొని, సముద్రం మీదనే కొత్తది చేసుకొని ఇల్లు చేరింది. వారం రోజులు వెనుకబడినా ఆ నావికుల పేరే ఎక్కువ నిలిచింది. పునరుద్ధరణ జరుగుతూండగా 2007 మే 21న దానికి నిప్పంటుకున్నది. ఓడ పోయిందనే అందరూ అనుకున్నారు. కాని అప్పటికే కొయ్యలు, పలకలు, సామాను చాలాభాగం విప్పి, గుర్తులు వేసి, మరొకచోట భద్రపరచి ఉన్నారు. అవి కాలలేదు. 2012 ఏప్రిలులో ఆ ఓడను మళ్ళీ ప్రజలకు తెరిచారు. విప్పిన ప్రతి పలకకు గుర్తు వేసినవాని పుణ్యమే అది. గుమాస్తా పని అని మమ్మల్ని నలుగురూ తేలికగా చూస్తారు గాని, ఒక ఓడను అగ్ని నుంచి కాపాడినది గుమాస్తా పనే అని ఇక్కడ కాస్త గర్వంగా మనవి చేస్తున్నాము.

ఇక్కడ ఒక పాత ప్రశ్న వస్తుంది. పలక తరువాత పలక మార్చుకుంటూ పోయి, చివరికి పాత పలక ఒక్కటీ లేకపోతే, అది అదే పడవ అవుతుందా? గ్రీకు తత్త్వవేత్తలు థీసియస్ ఓడ అనే పేరుతో ఈ ప్రశ్న మీద ఎప్పటినుంచో వాదించుకుంటున్నారు. మనవాళ్ళు దీనికి వాదనతో కాక ఆచారంతో జవాబు చెప్పారని మాకు తోస్తుంది.

పూరీలో జగన్నాథుని రథాలు ఏటేటా కొత్త కొయ్యతో కడతారు. కొయ్య కొత్తదే, కాని జగన్నాథుని రథానికి 16 చక్రాలు, బలభద్రునిదానికి 14, సుభద్రదానికి 12. ఆ లెక్క మారదు, పని చేసే వంశాలు మారవు. అక్కడ నిలిచేది కొయ్య కాదు, కొలత. అదే మైసూరు వెళ్ళి, 1979లో పెట్టిన రైలు మ్యూజియములో మహారాణిగారి సెలూను పెట్టె చూడండి. అది 1899 నాటిది. దాని కొయ్యంతా తీసి కొత్త కొయ్య పెడితే పెట్టె చూడ ముచ్చటగానే ఉంటుంది, కాని మహారాణి చెయ్యి ఆనిన కొయ్య ఇక ఉండదు. అక్కడ నిలవవలసినది కొలత ఒక్కటే కాదు, కొయ్య కూడా.

కనుక వస్తువులు రెండు రకాలు. నడిచే వస్తువు, సాక్ష్యం చెప్పే వస్తువు. నడిచేదానికి పలక మార్చక తప్పదు. సాక్ష్యం చెప్పేదానికి పలక మార్చడం సాక్షి నోరు నొక్కడమే. డోరేడ్ వంటివి రెండూ అయినప్పుడు చిక్కు వస్తుంది. దానికి రూపం 1930ల నాటిదే నిలిపారు, కాని 2013 పందెంలో కట్టిన తెరచాపలు మాత్రం నేటివి. అది దాచలేదు. ఏది పాతదో ఏది కొత్తదో చెప్పి చేసినప్పుడు మోసం లేదు.

మా రైల్వేలో ప్రతి పెట్టె పక్కనా, ఏ కర్మాగారంలో ఏ తేదీన పెద్ద మరమ్మతు అయిందో, మళ్ళీ ఎప్పుడు కావలెనో రంగుతో రాసి ఉంటుంది. ప్రయాణికులు దానిని చూడరు. కాని ఆ రెండు పంక్తులు లేని పెట్టెను మేము నమ్మము. పాత వస్తువును బాగుచేసేవారికి కూడా అదే నియమం చాలనుకుంటాము.

ఇక మా పడవ సంగతి. ఈమారు తొందరపడలేదు. ముందుగా ఉన్నది ఉన్నట్టు నాలుగు పక్కలా ఫోటోలు తీసి, కొలతలు ఒక నోటుబుక్కులో రాశాము. ఊడిన రెండు పలకల్లో ఒకటి అటకమీద మూలలో దొరికింది. రెండోదానికి మా పేటలోని వడ్రంగి ఆచారిగారు, కూల్చిన పాత ఇంటి తలుపు టేకుతో ముక్క చేసి ఇచ్చారు. ఆయన కన్నడం, తెలుగు కలిపి మాట్లాడతారు. "పాతదానితో కలిసిపోయేలా రంగు వెయ్యమంటారా?" అని అడిగారు. వద్దన్నాము. దాని లోపలివైపు సంవత్సరం అంకె వేయించాము.

తెరచాప దగ్గర మళ్ళీ పొరపాటు చేయబోయాము. తెల్లని గ్లాస్కో గుడ్డ కొని తెచ్చాము. కుట్టించేముందు మేనత్తను అడిగితే నవ్వి, "తెల్ల తెరచాప ఎక్కడ చూశావురా? నాన్న తుమ్మచెక్క కషాయంలో నానబెట్టేవాడు. వలలకు పట్టించినట్టే. ఎర్రటి మట్టిరంగు వచ్చేది. అట్లా చేస్తేనే గుడ్డ కుళ్ళదు" అన్నది. విరిగిన కొయ్యకు చుట్టి ఉన్న పాత తాడు విప్పి చూస్తే, ముడి లోపల గోరంత గుడ్డపీలిక. రంగు ఆమె చెప్పినదే. బడికి వెళ్ళని మా అత్త జ్ఞాపకం, ముడిలో దాగిన పీలిక, రెండూ ఒకే మాట చెప్పాయి. ఆవేళ మా కళ్ళు చెమర్చాయని చెప్పడానికి సిగ్గుపడము.

ఆమెను ఆ రోజు గంటసేపు మాట్లాడించి, చెప్పినదంతా రాసుకున్నాము. పడవలో ఒక్కొక్క భాగానికీ తాతగారు వాడిన పేరేమిటి, గాలి ఎటు వీస్తే తాడు ఎట్లా లాగేవారు, పందెంలో ఎవరి పడవ మునిగింది, అన్నీ.

చివరికి పేరు దగ్గరికి వచ్చాము. బంధువులు తలా ఒక సలహా ఇచ్చారు. ఒకరు తాతగారి ఇష్టదైవం పేరు రాయమన్నారు. ఒకరు నాయనమ్మ పేరు రాయమన్నారు. "సున్నతో ముగిసే పేర్లు ఎన్ని లేవు, ఏదో ఒకటి రాస్తే పడవకు నిండుగా ఉంటుంది" అన్నారు. మా అబ్బాయి కూడా అడిగాడు. మేము రాయలేదు. మిగిలిన ఆ కొమ్ము, ఆ సున్న అట్లాగే ఉంచి, వాటిమీద రంగు పడకుండా సన్నని నూనె మాత్రం రాశాము. తెలియనిచోట తెలిసినట్టు రాయడం మొదటి తప్పుకంటే పెద్ద తప్పు అవుతుంది. మొదటిది తొందరపాటు, రెండవది అబద్ధం.

నోటుబుక్కులో మాత్రం ఒక పంక్తి రాశాము. "ఇక్కడ పేరు ఉండేది. మేము గరుకుకాగితంతో చెరిపాము." దానికింద తేదీ వేసి సంతకం చేశాము. ఆ నోటుబుక్కు పడవతోబాటే ఉంటుంది.

అయ్యా, అమ్మా, కొయ్యపడవ గొడవ ఉగాదినాడు ఎందుకని మీరు అనుకోవచ్చు. మనమంతా ఈ ఊరికి ఏదో ఒక పడవమీద వచ్చినవాళ్ళమే. మన ఇళ్ళల్లో మాట కూడా పలక తరువాత పలక మారుతూనే ఉన్నది. మా అబ్బాయి తెలుగులో సగం కన్నడం, ముప్పాతిక ఇంగ్లీషు. లెక్క కుదరలేదని నవ్వకండి, వాడి మాట అట్లాగే ఉంటుంది. దానికి మేము ఏడవడం లేదు. నడిచే పడవకు పలక మారక తప్పదు. ఈ ఊరి కొయ్యతో వేసిన పలక కూడా నీటికి ఆగుతుంది. అన్నం పెట్టిన ఊరి మాట మన మాటలో కలవడం తప్పు కాదు.

కాని వంపు పోకూడదు. ఏది పాతదో ఏది కొత్తదో ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలి. మన పెద్దవాళ్ళు వంటకు, వ్యవసాయానికి, చేతిపనికి, చుట్టరికానికి వాడిన మాటలు వారితోనే ముడులలో పీలికల మాదిరి ఉన్నాయి. ముడి విప్పి చూసేవాళ్ళు లేకపోతే, ఒకరోజు ఇల్లు సర్దేటప్పుడు పొడిలో కలిసి ఊడ్చుకుపోతాయి. ఊడ్చేది పరాయివాళ్ళు కాదు, మనమే, శుభ్రం చేస్తున్నామనుకుంటూ.

కాబట్టి ఈ కొత్త సంవత్సరంలో ఒక చిన్న మనవి. ఇంట్లో ఏ పాత వస్తువుకైనా కొత్త రంగు వేసేముందు, కిందిపొర ఒక్కసారి చూడండి. ఊళ్ళో ఉన్న అత్తకో, బాబాయికో, అమ్మమ్మకో ఫోను చేసి, ఒక గంట అడిగి, చెప్పినది చెప్పినట్టు రాసి, తేదీ వెయ్యండి. చదువు రానివారిని ముందుగా అడగండి. వారి దగ్గర కాగితాలు ఉండవు, జ్ఞాపకమే ఉంటుంది.

మా పడవను మొన్న ఆదివారం ఇంటి నీళ్ళతొట్టిలో దింపాము. మొదటి పూట కారింది. మా అబ్బాయి కంగారుపడ్డాడు. "ఆగరా, కొయ్య ఉబ్బనీ" అన్నాము. మూడోరోజుకు కారడం ఆగింది. ఎర్రమట్టి రంగు తెరచాప కట్టి వాడు నోటితో ఊదాడు. పడవ తొట్టి ఈ గోడనుంచి ఆ గోడకు తిన్నగా, అత్త చెప్పినట్టే, దూసుకుపోయింది.